ఒడ్డున నిలిచి వేసే గాలం

మన సంఘాలలోని పిల్లలు చాలామంది ఇంటర్ పూర్తిచేసి ఇంజనీరింగు, ఫార్మసీ చదువుల కొరకు మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాలకు వస్తున్నారు. హాస్టళ్ళలో ఉండే ఈ యౌవనస్థులు సెలవు దొరికిన సాయంత్రం గాలపు కర్ర పట్టుకొని చెరువు కట్ట ఎక్కడం మేము చూస్తున్నాము. పల్లెలో పెరిగిన బిడ్డకు అది ఇంటిని తలపించే పని. పడవ అక్కరలేదు, వల అక్కరలేదు, సినిమాకు అయ్యేపాటి ఖర్చు కూడా లేదు. తల్లిదండ్రులు దీనికి కోప్పడనవసరం లేదని మా అభిప్రాయము. అయితే ఆ చెరువులోని చేప దిక్కులేనిది కాదని పిల్లలకు ముందుగా చెప్పాలి.

షామీర్‌పేట పెద్దచెరువు రాజీవ్ రహదారి పక్కనే ఉన్నందున దారిన పోయేవారందరికీ అది తమదే అనిపిస్తుంది. కాని మన చెరువులలో చేపలు పట్టే హక్కు సాధారణంగా స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటుంది. (ఇక్కడ సంఘమంటే మన ఆరాధన సంఘము కాదు!) ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా ఈ నీటి మీద బ్రతుకుతున్నవారు. చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వము 2016లో ప్రారంభించింది. వేలెడు పిల్ల కిలో చేప కావడానికి ఇంచుమించు సంవత్సరం పడుతుంది. అంతకాలం దొంగల నుండి కాపాడుకొనేది ఆ కుటుంబాలే. అడగకుండా గాలం వేయడం ఇతరుల చేనులో కంకి విరవడం వంటిదే. కట్ట మీద కనబడిన పెద్దాయనను, "అన్నా, ఒక్క గాలం వేసుకోనా?" అని అడిగితే సరిపోయేదానికి కొందరు చదువుకున్న పిల్లలు వాదనకు దిగుతున్నారు. ఆయన వద్దంటే మరో మాట లేకుండా తిరిగి రావాలి.

గాలము చిన్నవాని పనిముట్టు. కపెర్నహూములో పన్ను అడిగినప్పుడు ప్రభువు పేతురును పంపినది వలతో కాదు, గాలముతోనే (మత్తయి 17:27). వలలతో బ్రతికినవానికి ఒక్క చేప చాలన్నారు. గలిలయ సముద్రము నిజానికి మంచినీటి సరస్సే. అక్కడ "పేతురు చేప" అని వడ్డించేది మన చెరువుల జిలేబి చేపకు చుట్టము. అయితే ఆ రకము గాలానికి అరుదుగా పడుతుంది కాబట్టి, పేతురు పట్టినది మీసాలున్న మరో చేప అయి ఉంటుందని కొందరు పండితులు అంటారు.

ఇక పట్టే పద్ధతి. వెదురు కర్ర, నైలాన్ దారము, ముల్లు, చిన్న సీసపు గుండు, జొన్నదంటు బెండు ఉంటే చాలు. బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది, రవ్వ (శీలావతి) నడుమ, మోసు అడుగున. కనుక బెండును ఎంత ఎత్తున కట్టాలన్నది మీకు ఏ చేప కావాలన్నదానిని బట్టి ఉంటుంది. వీటికి గోధుమపిండి ముద్దలో కాస్త పల్లిచెక్క పొడి కలపండి. జెల్లకు వానపాము మంచిది. నీడ నీటిలో పడకుండా నిలబడాలి, అడుగుల చప్పుడు తగ్గించాలి.

2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొరమీను సంగతి వేరు. అది గాలి పీల్చడానికి నీటిపైకి వస్తుంది. వానల కాలంలో ఎర్రని పిల్లల గుంపు నీటిమీద ముద్దగా తిరుగుతుంటే తల్లిదండ్రులు కిందనే కాపలా ఉంటాయి. ఆ సమయంలో ఎర వేస్తే సులభంగా పడతాయి, ఎందుకంటే అవి ఆకలితో కాదు, పిల్లల కోసం మీదికి వస్తాయి. పెద్దది పోతే ఆ గుంపు మిగతా చేపల పాలవుతుంది. అటువంటి గుంపు కనబడినచోట గాలం వేయవద్దని గట్టిగా చెబుతున్నాము. పరిశ్రమల మురుగు చేరే చెరువులో పట్టిన చేపను మాత్రం ఎంత పెద్దదైనా వండుకోవద్దు.

అన్నిటికంటె ముఖ్యము, నీటిలో దిగరాదు. 2025 జనవరిలో, షామీర్‌పేట దాటి అదే దిక్కున ఉన్న సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో హైదరాబాదు యువకులు అయిదుగురు మునిగి చనిపోయారు. చేపలకు కాదు, సరదాగా చూడడానికి వెళ్ళినవారే. పూడిక మట్టి తవ్వి తీసిన చెరువులలో మోకాలి లోతు పక్కనే నిలువెత్తు గుంట ఉండవచ్చు. పైనుండి తెలియదు. తూము దగ్గర నీరు లోపలికి లాగుతుంది. కట్ట రాళ్ళ మీద పాచి ఉంటుంది. ఒంటరిగా పోకండి, చీకటి పడకముందే లేవండి, ఎక్కడికి పోతున్నారో హాస్టల్‌లో ఒకరికి చెప్పి వెళ్ళండి. ముల్లు నీటిలోని తుమ్మకొమ్మకు తగులుకుంటే దానికోసం దిగకుండా దారము తెంపుకొని వచ్చేయండి. కొత్త ముల్లు కొన్ని రూపాయలకే దొరుకుతుంది.