గాలికాలం రాకముందే మీ ఊరి కరెంటు లైను చూసుకోండి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల రైతులు, కూలీలు, గొర్రెల కాపరుల కోసం

ఇది ఎందుకు చదవాలి?

2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర, కూలిపనికి పోతున్న ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడింది. మంటల్లో ఐదుగురు ఆడకూలీలు చనిపోయారు. అదే ఏడాది నవంబరు 2న బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో ట్రాక్టరు మీద తీగ పడి నలుగురు ఆడకూలీలు చనిపోయారు. వీళ్లంతా రోజువారీ పనికి బయల్దేరినవాళ్లే.

తీగ తెగాక మనం చేయగలిగింది తక్కువ. తెగకముందు చేయగలిగింది చాలా ఉంది. అందులో కొంత కరెంటు డిపార్టుమెంటు పని, కొంత మన పని. ఏది ఎవరిదో, ఎవరికి ఎలా చెప్పాలో ఇందులో చూడండి.

మన జిల్లాలో ప్రమాదం ఎందుకు ఎక్కువ?

మనది వానలు తక్కువగా పడే సీమ. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. ఫిబ్రవరి నుంచి గుట్టల మీద బోద గడ్డి ఎండిపోతుంది. కళ్లాల్లో శెనక్కాయ కట్టె వాములు, చీనీ తోటల్లో ఎండు ఆకులు, వాటి మధ్య ప్లాస్టిక్ డ్రిప్పు పైపులు ఉంటాయి. నిప్పురవ్వ పడితే చాలు, అన్నీ అంటుకుంటాయి.

దానికితోడు మే నెల నుంచి పడమటి గాలి మొదలవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలి చూసే. వదులుగా జారిన తీగలు ఈ గాలికి ఊగి ఒకదానికొకటి తగులుతాయి. తగిలినప్పుడల్లా కరిగిన లోహం రవ్వలుగా కింద పడుతుంది. కింద ఎండుగడ్డి ఉంటే మంట లేస్తుంది. తీగ కూడా ఆ చోట సన్నబడి, ఒకరోజు తెగుతుంది.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 2018 నవంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో పాత కరెంటు లైను నుంచి లేచిన మంట పారడైజ్ అనే ఊరిని దాదాపు పూర్తిగా కాల్చేసింది. 85 మంది చనిపోయారు. ఇప్పుడు అక్కడి కంపెనీలు పెద్దగాలి వస్తుందని తెలిస్తే ముందుగా జనానికి చెప్పి కరెంటు ఆపేస్తున్నాయి. మన దగ్గర కూడా పెద్దగాలి వీచేటప్పుడు సబ్‌స్టేషన్‌లో ఫీడరు ఆపితే వెంటనే తిట్టుకోకండి. చాలాసార్లు అది ప్రాణాల కోసమే.

డిపార్టుమెంటు చేయాల్సిన పని ఏది?

మన రెండు జిల్లాలకు కరెంటు ఇచ్చేది ఏపీఎస్పీడీసీఎల్. దీని ప్రధాన కార్యాలయం తిరుపతిలో ఉంది. స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ దానివే. కాబట్టి ఈ పనులు దాని బాధ్యత:

• జారిన తీగను లాగి బిగించడం, అవసరమైతే మధ్యలో స్తంభం వేయడం.
• ఒరిగిన స్తంభాన్ని, తెగిన స్టే వైరును సరిచేయడం.
• ఎల్‌టీ తీగలు ఒకదానికొకటి తగలకుండా స్పేసర్లు కట్టడం.
• లైను కింద పెరిగిన చెట్ల కొమ్మలు కొట్టడం.
• ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ చూడడం, కింద కంప, గడ్డి తీయించడం.
• కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం.

తీగ ఎంత ఎత్తులో ఉండాలో కూడా రూలు ఉంది. 11 కేవీ తీగ రోడ్డు దాటే చోట భూమికి 6.1 మీటర్లు, అంటే 20 అడుగులు ఉండాలి. పొలాల మీద 4.6 మీటర్లు, అంటే 15 అడుగులు తగ్గకూడదు. కట్టె లోడు వేసుకున్న ట్రాక్టరు పోయే దారిలో తీగ ఇంతకంటే కిందికి వచ్చిందా? అప్పుడు మీరు అడిగేది సాయం కాదు, రూలు ప్రకారం జరగాల్సిన పని.

ఎవరికి, ఎలా చెప్పాలి?

1. ముందుగా మీ గ్రామ సచివాలయంలో ఉండే ఎనర్జీ అసిస్టెంటుకు చూపించండి. జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 అంటే ఆయనే.

2. తర్వాత 1912కు ఫోన్ చేయండి. స్తంభం మీద నంబరు ఉంటే అది చెప్పండి. లేకపోతే దగ్గర్లోని బోరు సర్వీసు నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ పేరు, పొలం ఎవరిదో చెప్పండి.

3. కంప్లయింటు నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. లైన్‌మన్‌కు నోటితో చెప్పినాం అనుకుంటే సరిపోదు. నంబరు ఉంటేనే రేపు మీరు చెప్పినట్టు రుజువు.

4. దూరంగా నిలబడి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తేదీ తెలిసేలా ఉంచండి.

5. పని కాకపోతే ఏఈకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. అక్కడా కాకపోతే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాయవచ్చు. దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వేదికకు రాయడానికి లాయరు అక్కర్లేదు.

కరెంటు పోతే ఎన్ని గంటల్లో రావాలి?

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి గడువులు పెట్టింది:

• ఫ్యూజు పోతే: పల్లెల్లో 12 గంటలు, పట్టణాల్లో 4 గంటలు.
• తీగ తెగితే: పల్లెల్లో 24 గంటలు, పట్టణాల్లో 6 గంటలు.
• ట్రాన్స్‌ఫార్మర్ కాలితే: పల్లెల్లో 48 గంటలు, పట్టణాల్లో 24 గంటలు.

మీరు కంప్లయింటు ఇచ్చిన టైము నుంచే ఈ లెక్క మొదలు. అందుకే ఆ నంబరు ముఖ్యం. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులు చందాలు వేసుకుని ట్రాక్టరులో మోసుకుపోవాల్సిన పని లేదు. ఎవరైనా డబ్బులు అడిగితే 1912లోనే చెప్పండి.

మన వైపు నుంచి ఏం చేయాలి?

• కట్టె వామి, గడ్డివామి లైను కింద వేయొద్దు. తీగ తెగి పక్కకు పడినా అందనంత దూరంలో వేయండి.

• ఫిబ్రవరిలోనే చీనీ తోట చుట్టూ, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ గడ్డి చెక్కి మట్టి బయటపడేలా చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదికి మాత్రం ఎక్కొద్దు.

• లైను కింద కొమ్మలు మీరే కొట్టొద్దు. ఎల్‌సీ తీసుకుని సిబ్బందే కొట్టాలి.

• ఏబీ స్విచ్ లాగడం, ఫ్యూజు వేయడం మీరు చేయొద్దు. "ఒక్క నిమిషం పనే కదా" అనుకుని ఎక్కి పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి.

• కొత్త గడ్డి వస్తుందని గుట్టకు నిప్పు పెట్టొద్దు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం అటవీ చట్టం కింద నేరం. పైగా పెద్ద లైను కిందికి మంట వస్తే ఆ వేడికి, పొగకు లైను ట్రిప్ అయి ఊర్లకు ఊర్లే చీకటి అవుతాయి. గొర్రెలకు మేత కూడా మిగలదు.

• బోరు మోటారుకు ఆటో స్టార్టరు తీసేయండి. కరెంటు రాగానే అన్ని మోటార్లు ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి కాలిపోతుంది. ఉచిత కరెంటు పగటిపూట 9 గంటలు ఉంది కాబట్టి, మీరు అక్కడ ఉన్నప్పుడే మోటారు వేసుకోండి. కెపాసిటరు పెట్టించండి.

కరెంటు ఎక్కువసేపు లేకపోతే?

కరెంటు లేకపోతే మంచినీళ్ల పంపింగు ఆగిపోతుంది. సత్యసాయి నీళ్లు వచ్చే ఊర్లకూ ఇది వర్తిస్తుంది. గాలికాలంలో ఇంట్లో రెండు రోజుల తాగునీళ్లు, పశువుల తొట్లో నీళ్లు ముందే నింపి పెట్టుకోండి. ఫోన్, టార్చి చార్జి చేసి పెట్టండి. ఇన్సులిన్ వాడేవాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ మిషను ఉన్నవాళ్లు ఆ విషయం ముందుగానే ఏఎన్ఎంకు, ఎనర్జీ అసిస్టెంటుకు చెప్పి ఉంచండి.

ఒక మాట: పీఎం సూర్యఘర్ కింద ఇంటిమీద సోలారు పెట్టుకున్నవాళ్లకు లైను కరెంటు పోతే సోలారు కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా అలా తయారుచేశారు. బ్యాటరీ ఉంటేనే అప్పుడు వాడుకోగలరు.

తీగ తెగి పడితే

• 30 అడుగుల దగ్గరికి ఎవరినీ, పశువులను కూడా పోనివ్వొద్దు. తడి నేలైతే ఇంకా దూరం ఉండండి. తీగ చప్పుడు చేయకపోయినా కరెంటు ఉందనే అనుకోండి.
• ఆటో, ట్రాక్టరు మీద పడితే, మంట లేకపోతే దిగొద్దు. కరెంటు ఆపేదాకా లోపలే కూర్చోండి, ఇనుము తాకొద్దు. మంట లేస్తే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లు జతచేసి బయటికి దూకండి. కాళ్లు ఎడం చేయకుండా చిన్న చిన్న గెంతులతో దూరం పోండి.
• షాకు కొట్టినవాళ్లను చేత్తో లాగొద్దు. ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించండి.
• కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దు. పొడి ఇసుక, పొడి మట్టి చల్లండి.
• ఫోన్లు: కరెంటు 1912, ఫైరింజను 101, అంబులెన్సు 108, పోలీసు 112.

నష్టం జరిగితే

కరెంటు ప్రమాదంలో మనిషి చనిపోయినా, పశువు చనిపోయినా పరిహారం అడిగే హక్కు ఉంది. విద్యుత్ చట్టం, 2003 ప్రకారం ప్రమాదం మీద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు విచారణ జరుగుతుంది. ఈ కాగితాలు పోగొట్టుకోవద్దు: ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు. పశువుకు పశువైద్యుడి పోస్టుమార్టం సర్టిఫికెట్ కావాలి. తోట, వామి కాలితే ఫైర్ స్టేషన్ సర్టిఫికెట్ తీసుకోండి, వీఆర్వోతో పంచనామా రాయించుకోండి. తెగిన తీగను తీసేయకముందే దూరం నుంచి ఫోటోలు తీయండి. మీరు ముందే ఇచ్చిన కంప్లయింటు నంబరు ఉంటే దాన్నీ అర్జీలో రాయండి.

ఈ వారంలో చేయాల్సినవి మూడు

1. మీరు రోజూ పోయే దారిలో, పొలంలో జారిన తీగ, ఒరిగిన స్తంభం ఏదైనా ఉందా చూడండి.
2. 1912కు చెప్పి నంబరు రాసుకోండి.
3. కూలీలను తీసుకుపోయే ఆటో, ట్రాక్టరు డ్రైవర్లకు ఆ చోటు చూపించండి. తీగ బాగయ్యేదాకా వేరే దారిలో పొమ్మనండి.

చదవడం రానివాళ్లకు ఇది చదివి వినిపించండి. మీ ఊరి వాట్సాప్ గ్రూపులో, పొదుపు సంఘం గ్రూపులో పంపండి.