కాలయంత్రాన్ని నడిపేది ఎవరు?

వైజ్ఞానిక కల్పన గురించి మన సాహిత్య చర్చల్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి, అది పిల్లల కాలక్షేపమని. రెండు, అది వాస్తవం నుంచి పలాయనమని. ఈ తీర్పులిచ్చేవారు ఆ రచన ఎలా తయారయిందో చూడరు. అది ఏ పరిస్థితుల్లో పుట్టింది, ఎవరి అనుభవం దానికి ముడిసరుకయింది, చేతులు మారినప్పుడు దానిలో ఏది మిగిలింది, ఏది జారిపోయింది అన్న ప్రశ్నలు వేసుకోకుండా వస్తువు గురించి గాని శిల్పం గురించి గాని మాట్లాడటం కుదరదు. 1991లో వచ్చిన 'ఆదిత్య 369' చిత్రాన్నీ, దానికి ప్రేరణ అయిన హెచ్.జి.వెల్స్ నవల 'ది టైమ్ మెషీన్' (1895)నూ పక్కపక్కన పెట్టి, కాలయాన కథ వెనుక జరిగే పనిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దేవుడి కాలం, మనిషి కాలం

కాలంలో ప్రయాణం మనకు కొత్త కాదంటూ కొందరు వెంటనే భాగవతంలోని కకుద్మి కథ ఎత్తుకుంటారు. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగటానికి ఆయన బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ గానం ముగిసేదాకా వేచి ఉన్నాడు. అంతలో భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. గొప్ప ఊహే, కాదనలేం. కాని కకుద్మి కాలాన్ని దాటలేదు, కాలమే ఆయన్ని దాటిపోయింది. తన యుగానికి తిరిగి రావడం ఆయన చేతిలో లేదు. కాలం అక్కడ దైవాధీనం.

యంత్రం వచ్చాక ఈ సంబంధం తలకిందులయింది. మనిషి తన చేతులతో చేసిన వస్తువు మీద కూర్చుని, మీట నొక్కి, తానే దిక్కు నిర్ణయిస్తాడు. ఈ ఊహ పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్‌లో రూపుకట్టడం యాదృచ్ఛికం కాదు. రైళ్ల రాకపోకల కోసం ఊరికొక వేళ పోయి దేశమంతటికీ ఒకే వేళ వచ్చింది. బ్రిటన్‌లో గ్రీనిచ్ కాలమానం 1880లో చట్టబద్ధమయింది. మరోపక్క 1859లో వెలువడిన డార్విన్ గ్రంథం, ప్రాణికోటి చరిత్ర లక్షల సంవత్సరాల పొడవునా సాగిన మార్పు అని చెప్పింది. గడియారం చేతికి వచ్చింది, చరిత్ర లోతు కంటికి కనిపించింది. కాలయంత్రం ఈ రెండింటి కలయికలో పుట్టింది.

నేలమాళిగ నుంచి నవల దాకా

వెల్స్ తల్లి ససెక్స్‌లోని అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో ఇంటి పనివారి మీద పెత్తనం చూసే ఉద్యోగి. ఆ భవనంలో నౌకర్ల బతుకంతా కింది అంతస్తులోనే. వంటశాలకూ ఇంటికీ మధ్య నేల కింద సొరంగ మార్గాలుండేవి. పైనున్న దొరలకు పనివాళ్లు కంటపడకుండా పని మాత్రం జరిగిపోవాలి. కుర్రతనంలో వెల్స్ ఇది చూశాడు. బట్టల దుకాణంలో అప్రెంటిసుగా నలిగాడు. తర్వాత ఉపకార వేతనంతో లండన్ చేరి, 1884లో టి.హెచ్.హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు.

1888లో ఒక విద్యార్థి పత్రికలో 'ది క్రానిక్ ఆర్గోనాట్స్' అనే కథ రాశాడు. అందులో యంత్రముంది గాని బలమైన వస్తువు లేదు. ఆ తర్వాత ఏడేళ్లపాటు దాన్ని మళ్లీ మళ్లీ తిరగరాశాడు. 1895లో పుస్తకంగా వచ్చేనాటికి ఆ యంత్రం 8,02,701వ సంవత్సరానికి వెళ్లింది. అక్కడ నేల మీద ఎలోయ్‌లు, అందంగా, బలహీనంగా, పనీపాటా లేకుండా ఉన్నారు. నేల కింద మార్లాక్‌లు చీకట్లో యంత్రాలు తిప్పుతున్నారు, పైవాళ్లకు కావలసినవి సమకూరుస్తున్నారు, రాత్రిపూట పైకి వచ్చి వాళ్లనే తింటున్నారు. యజమానులూ శ్రామికులూ వేల తరాలు విడివిడిగా బతికి రెండు జాతులుగా చీలిపోయారన్నది కాలయాత్రికుడి నిర్ణయం. అప్‌పార్క్ నేలమాళిగా హక్స్‌లీ పాఠమూ ఇక్కడ ఒకటయ్యాయి.

శిల్పం వైపు నుంచి విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసింది ఒకటుంది. యాత్రికుడు ఆ సమాజాన్ని మొదటి చూపులో అర్థం చేసుకోలేదు. ముందు దాన్ని సమసమాజం అనుకుంటాడు. తర్వాత బావులు కనిపిస్తాయి, వాటి లోపలి నుంచి యంత్రాల చప్పుడు వినిపిస్తుంది. ఒక్కో ఆధారం దొరికిన కొద్దీ పాత నిర్ణయాన్ని విడిచి కొత్తదానికి వస్తాడు. ఈలోగా అతని యంత్రాన్ని మార్లాక్‌లు లాక్కుపోయి ఒక శిల్పం పీఠంలో దాచేశారు. అది దొరకకపోతే తిరుగు ప్రయాణం లేదు. పాఠకుణ్ణి ఊపిరి బిగబట్టి చదివించే ఉత్కంఠ, సమాజాన్ని అర్థం చేసుకునే ఆలోచన ఇక్కడ వేర్వేరు పనులు కావు. యంత్రం కోసం నేల కిందికి దిగినవాడికే ఆ సమాజపు పునాది కనిపిస్తుంది. వస్తువూ శిల్పమూ ఒకటి కావడమంటే ఇదే.

ఈ కథ చేతులు మారింది. 1960లో జార్జ్ పాల్ హాలీవుడ్‌లో దీన్ని చిత్రంగా తీశాడు. కరిగే కొవ్వొత్తి, దుకాణం అద్దంలో బొమ్మకు మారే దుస్తులు చూపించి కాలం పరుగును కళ్లకు కట్టాడు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. కాని మనిషి రెండుగా చీలడానికి కారణం మారిపోయింది. వర్గ విభజన పోయి యుద్ధం వచ్చింది. బాంబులకు భయపడి నేల కిందికి వెళ్లినవారు అక్కడే ఉండి మార్లాక్‌లయ్యారు. అణుభయం నాటి ప్రపంచానికి అది నిజమైన భయమే. అయినా ఆ మార్పుతో నౌకరీ చేసినవాడి చరిత్ర కథలోంచి తప్పుకుంది.

మన తెరమీద మూడు కాలాలు

'ఆదిత్య 369' దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు కాలేజీ రోజుల్లోనే వెల్స్ నవల చదివినవారు. 'మాయాబజార్' (1957)కు కె.వి.రెడ్డి దగ్గర పనిచేసి కథనం నేర్చుకున్నారు. మాటలే లేని 'పుష్పక విమానం' (1987) తీసి మెప్పించారు. ఈ కాలయంత్రం కథ ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి నచ్చి, ఆయన చొరవతో శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాణానికి పూనుకున్నారు. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. ఛాయాగ్రహణం మొదలుపెట్టిన పి.సి.శ్రీరామ్ అనారోగ్యంతో కొనసాగలేకపోవడంతో వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్ లాల్ ఆ పని అందుకున్నారు. ఒక చిత్రానికి ముగ్గురు ఛాయాగ్రాహకులంటే మామూలుగా ఇబ్బందే. ఇక్కడ వర్తమానం, గతం, భవిష్యత్తు అనే మూడు లోకాలుండటంతో ఆ ఇబ్బంది కథకు కలిసివచ్చింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ మన చిత్రాల్లోకి విస్తారంగా రాని రోజులవి. సెట్టు వేసిన వడ్రంగి, రంగులద్దిన చిత్రకారుడు, లైటు పట్టిన కార్మికుడు - ఆ మూడు కాలాలనూ వీళ్లు చేతులతో కట్టారు.

కథను నడిపించే ఇరుసు ఒక వజ్రం. రాయలనాటి ఆ వజ్రం మీద వర్తమానంలో ఒక పురావస్తువుల దొంగ కన్ను పడుతుంది. కాలయంత్రం ఎక్కినవారు 1526కు, కృష్ణదేవరాయల కాలానికి చేరితే అక్కడా అదే వజ్రం ఉంటుంది. రెండు కాలాల్లోనూ ఉన్న ఒకే వస్తువుతో ప్రేక్షకుడు దారి తప్పకుండా చూడటం మంచి పనితనం. తర్వాత 2504లో అణుయుద్ధం మిగిల్చిన లోకం కనిపిస్తుంది, జనం నేల కింద బతుకుతుంటారు. అప్‌పార్క్ నేలమాళిగ ఎన్ని చేతులు మారి ఎక్కడికి చేరిందో చూడండి. నేల కింది జీవితం మిగిలింది, కిందికి ఎవరు ఎవరిని తోశారన్న ప్రశ్న మిగలలేదు.

వెల్స్ యాత్రికుడు భవిష్యత్తు నుంచి తెచ్చిన సాక్ష్యం జేబులో ఉండిపోయిన రెండు తెల్లపూలు. వాటికి వెల లేదు, ఒక పిల్ల ఆప్యాయంగా ఇచ్చినవి. మన కథలో సాక్ష్యం వజ్రం. దానికి వెల ఉంది, యజమాని ఉన్నాడు. పదహారో శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, గనుల్లో ఒక బరువు మించి దొరికిన వజ్రాలు రాజు ఖజానాకే చేరాలన్న నియమాన్ని రాసిపెట్టాడు. అంటే ఆ వజ్రానికి రాజసభకు ముందొక చరిత్ర ఉంది. గని తవ్వినవాడి చరిత్ర అది. కాలయంత్రం సభలో ఆగింది, గని దాకా పోలేదు. పైగా వర్తమానపు కథానాయకుడికీ రాయలకూ ఒకే నటుడు, ఒకే ముఖం. ప్రేక్షకుడు గతంలోకి రాజు ముఖంతో ప్రవేశిస్తాడు.

వినోద చిత్రం మీద ఇంత బరువు మోపడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయం కాదనే నేనూ అంటాను. పెట్టుబడి పెట్టినవాడికి తారలు కావాలి, జనం రావాలి. ఆ పరిమితుల్లో ఇది నిజాయితీగా, నైపుణ్యంతో చేసిన పని. 2025లో మళ్లీ విడుదల చేసేటంత ఆదరణ ముప్పై ఏళ్ల తర్వాతా దానికి మిగలడం ఊరికే కాదు. నా ప్రశ్న సినిమావారికి కాదు, మనకు. తెరమీద రాజసభ కట్టాలంటే లక్షలు కావాలి. కాగితం మీద రాజసభకూ కూలివాడి గుడిసెకూ అయ్యే ఖర్చు ఒక్కటే. మరి మన కలాలు కూడా సభలోనే ఎందుకు ఆగుతున్నాయి?

ఒక అమ్మాయి ప్రయాణం

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని, కాలయంత్రం దొరికితే ఎక్కడికి వెళతారో రాయమని ఒకసారి అడిగాను. ఎక్కువమంది రాయలవారి సభకు వెళ్లారు. కొందరు భవిష్యత్తులోకి వెళ్లి ఎగిరే కార్లు చూసి వచ్చారు. ఒక అమ్మాయి మాత్రం వాళ్ల నాయనమ్మ చదువు మానిపించిన రోజుకు వెళ్లింది. బడి గుమ్మం దగ్గర నిలబడి, పలక చంకన పెట్టుకుని వెళ్లిపోతున్న నాయనమ్మను చూసి తిరిగి వచ్చింది. ఎందుకు ఆపలేదమ్మా అని అడిగితే, "ఆపితే నాయనమ్మకు ఆ పెళ్లి జరగదేమో, నేను పుట్టనేమో సార్" అన్నది.

కాలయాన కథల్లోని అతి పెద్ద చిక్కుముడి ఇదే. గతాన్ని మారిస్తే మార్చినవాడి ఉనికే ప్రశ్నార్థకం అవుతుంది. ఈ చిక్కును తర్కం ఆటగా వాడుకున్న రచనలు లోకంలో బోలెడున్నాయి. ఆ అమ్మాయి చేతిలో అది ఆట కాదు. తన బతుకు నాయనమ్మకు జరిగిన అన్యాయం మీద నిలబడి ఉన్నదన్న ఎరుక అది. నాయనమ్మకు న్యాయం చేస్తే తాను ఉండదు, తాను ఉండాలంటే అన్యాయాన్ని చూస్తూ నిలబడాలి. ఇంతకంటే గట్టి ఉత్కంఠ ఏ వజ్రం ఇవ్వగలదు?

కాలయాన కథ రాయదలచినవారు గతం మారుతుందా మారదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఒకసారి పెట్టుకున్న నియమాన్ని కథ సౌకర్యం కోసం మధ్యలో తప్పితే పాఠకుడు నమ్మడం మానేస్తాడు. ఆ ప్రయాణానికి ప్రయాణికుడు చెల్లించే మూల్యమేమిటో కూడా తేలాలి. మూల్యం లేని ప్రయాణం విహారయాత్రే అవుతుంది. వీటన్నిటికంటే ముందు ఆ పీట మీద ఎవరు కూర్చున్నారో నిర్ణయించుకోవాలి. 1526లో అడుగుపెట్టినవాడికి 1565లో రాక్షసతంగడి యుద్ధం రాబోతున్నదని తెలుసు. ఆ తెలివిడి రాజుకు చెప్పడం ఒక కథ. యుద్ధానికి పోబోయే కాలిబంటు కొడుకుకో, బజారులో పూలమ్మే మనిషికో చెప్పవలసి రావడం పూర్తిగా వేరే కథ. సంవత్సరం అదే, యంత్రం అదే, కాని రెండో కథలో చరిత్ర మరోవైపు నుంచి కనిపిస్తుంది.

వెల్స్ తన యంత్రాన్ని తల్లి పనిచేసిన నేలమాళిగ దగ్గర నుంచి కదిలించాడు. మన ఊళ్లలో అటువంటి చోట్లకు కొదవ లేదు. నేతగుంటలున్నాయి, బీడీ కార్ఖానాలున్నాయి, బొగ్గుగనులున్నాయి, వలసపోయినవారి తాళం వేసిన ఇళ్లున్నాయి. వాటి చరిత్ర తెలిసిన యువ రచయితలు ఆ పీట మీద వాళ్లనే కూర్చోబెట్టి రాయాలని నా కోరిక.