సత్యం చెప్పిన పాఠం

"ప్యాకేజీ ఎంత?" ప్లేస్‌మెంట్ సీజన్‌లో మన క్యాంపస్‌లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. "ఆ కంపెనీ పరిస్థితి ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళు తక్కువ. సత్యం కథ చదివేదాకా నేనూ అడగలేదు.

2009 జనవరి 7న, హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు ఏళ్ల తరబడి లెక్కలు తప్పుగా చూపించామని ఒక లేఖలో ఒప్పుకున్నారు. బ్యాంకులో లేని డబ్బు ఉన్నట్టు రాశారు. ఒక్క రోజులో షేరు ధర దాదాపు 180 రూపాయల నుంచి 40కి పడిపోయింది. వేల మంది ఉద్యోగులకు ఈ సంగతి వార్తల్లోనే తెలిసింది.

ఇక్కడ వచ్చే ప్రశ్న: ఉండాలా, వెళ్ళిపోవాలా?

దీనికి అందరికీ ఒకటే జవాబు ఉండదు. ఫ్రెషర్‌కి అనుభవం లేదు, వెళ్తే ఎవరు తీసుకుంటారు? ఇంటి లోన్ ఉన్నవాళ్ళకి ఒక నెల జీతం ఆగినా కష్టమే. అమెరికాలో ఆన్‌సైట్ ఉన్నవాళ్ళ హెచ్‌-1బీ వీసా కంపెనీతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే మరో కంపెనీ స్పాన్సర్ చేయాలి. పైగా 2008 మాంద్యం వల్ల బయట కూడా ఉద్యోగాల్లేవు. కాబట్టి ఉండిపోయిన వాళ్ళందరిదీ నమ్మకమే అనుకోకూడదు, వెళ్ళిపోయిన వాళ్ళది ద్రోహమూ కాదు.

కానీ ఒక విషయం గమనించాలి. లెక్కలు అబద్ధమైనా, వాళ్ళు రాసే కోడ్ అబద్ధం కాదు. క్లయింట్ల సిస్టమ్‌లు నడవాలంటే ఆ టీమ్‌లు కావాలి. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటివాళ్ళతో కొత్త బోర్డు వేసింది. జీతాలకు డబ్బు సర్దడం, క్లయింట్లు పోకుండా చూడడం వాళ్ళ ముఖ్యమైన పనులు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. అది ప్రధానంగా కొన్నది నడుస్తున్న ప్రాజెక్టులనీ, వాటిని నడిపే మనుషులనీ.

అలాగని కథ అందరికీ సుఖాంతం కాలేదు. ఆ ఏడాదే ప్రాజెక్టు లేని వేల మందిని 'వర్చువల్ పూల్'లో పెట్టి, ఇంట్లో కూర్చోబెట్టి, జీతం బాగా తగ్గించారు. కంపెనీ బతికింది గానీ ఖర్చులో కొంత వీళ్ళ మీదే పడింది.

మరి మనం ఏం నేర్చుకోవాలి? కంపెనీ కష్టం ఉద్యోగికి చివర్లో తెలుస్తుంది. కానీ కొన్ని గుర్తులు ముందే కనిపిస్తాయి: జీతం తేదీ జరగడం, రీయింబర్స్‌మెంట్లు ఆగడం, సీనియర్లు వరసగా వెళ్ళిపోవడం. పేస్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తే చాలదు, అది నిజంగా జమ అయ్యిందో లేదో ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని.

ఈసారి ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్‌లో ప్యాకేజీ తప్పకుండా అడుగుదాం. దాంతోపాటు, మీ క్లయింట్లు ఎవరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అని కూడా అడుగుదాం. ఆ ప్రశ్నకు నచ్చజెప్పే జవాబు రాకపోతే, అదీ ఒక జవాబే.