కంటికి బీల... కాగితానికి బంజరు!

పక్కింటాయన ఓ అంతస్తు ఎక్కువ వేస్తేనే గాలీ వెలుతురూ పోతాయని వీధి వీధంతా మున్సిపాలిటీకి పరుగెడుతుంది. మరి ఊరి పక్కనే సుమారు రెండు వేల మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం కడతామంటే? శ్రీకాకుళం జిల్లా సోంపేట జనానికి ఎదురైన ప్రశ్న అదే.

సోంపేట దగ్గర, సముద్రానికి కాస్త ఇవతల, ఏడాదిలో చాలాకాలం నీరు నిలిచే పల్లపు నేల ఉంది. స్థానికులు దాన్ని 'బీల' అంటారు. చుట్టుపక్కల పొలాలకు అది నీళ్ల తొట్టి, మత్స్యకారులకు చేపల గంప, పశువులకు పచ్చిక బయలు. దానికి ఆనుకునే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానం. ఇంతమందికి అన్నం పెట్టే ఆ నేల కాగితాల్లో మాత్రం పనికిరాని బంజరు!

జీవోతో మొదలు
2008లో వచ్చిన 1107 జీవోతో దాదాపు వెయ్యి ఎకరాలు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి దఖలుపడ్డాయి. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వద్దంటే వద్దని జనం గట్టిగానే చెప్పారు. అయినా ఆ ఏడాది డిసెంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చేసింది. 'మరి మమ్మల్ని అడగడం దేనికి?' ఊళ్లన్నీ వేసిన ప్రశ్న ఇదే. రైతులు, మత్స్యకారులు ఒక్కటై రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు.

2010 జులై 14. పనులు మొదలుపెట్టేందుకు బీలలోకి వచ్చినవారిని గ్రామస్థులు అడ్డుకున్నారు. లాఠీలు లేచాయి, తూటాలు పేలాయి. ఊరివాళ్ల ప్రాణాలు పోయాయి. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఊరు ఏళ్లుగా చెబుతున్న మాట నిజమని తేలేసరికే బీలలో నెత్తురు పారింది.

అనుమతి పోయినా జీవో ఉంది కదా! అందుకే జనం శిబిరం ఎత్తలేదు. దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. థర్మల్ కేంద్రం రాలేదు.

కాకరాపల్లిలోనూ...
ఇదే జిల్లా సంతబొమ్మాళి మండలంలోని కాకరాపల్లిదీ ఇదే కథ. అక్కడి చిత్తడి నేలల పేరు 'తంపర'. దగ్గర్లోనే ఏటా విదేశీ కొంగలు విడిది చేసే తేలినీలాపురం. ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించినందుకు 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్రలోనూ కాల్పులు జరిగాయి. మళ్లీ ప్రాణాలు పోయాకే పనులు ఆపమంటూ కేంద్రం నుంచి ఆదేశం వచ్చింది.

తెలుసుకోవాల్సింది ఇదీ!
2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి భారీ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. కలెక్టరు కార్యాలయంలో దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. సభలో చెప్పిన ప్రతి అభ్యంతరం రికార్డుకెక్కాలి. అయితే ఒక మెలిక: ఊరంతా వద్దన్నంత మాత్రాన అనుమతి ఆగిపోవాలనేమీ లేదు. జనం అభ్యంతరాల్ని తూచి నిర్ణయించేది అధికారులే. ఆ నిర్ణయం నచ్చకపోతే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. 2010లో అప్పీలు అథారిటీ స్థానంలో వచ్చింది అదే. గడువు మాత్రం 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు.

అందుకే ఊళ్లో సభ పెట్టేదాకా ఆగకుండా, కాగితంలో మన నేలను ఏమని రాశారో ముందే చూసుకోవాలి. సోంపేటను అంత దూరం తీసుకెళ్లింది ఆ ఒక్క మాటే మరి... బంజరు!