సూరత్ కోట: మరమ్మతు ఎక్కడ ఆగాలి?

తపతి నది ఒడ్డున ఉన్న సూరత్ కోటను పోర్చుగీసు దాడుల నుంచి ఊరిని కాపాడేందుకు గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ 1540లలో కట్టించాడు. 1573లో అది అక్బర్ వశమైంది, 1759లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1862లో సైన్యం ఖాళీ చేశాక గదుల్లో ప్రభుత్వ కార్యాలయాలు వెలిశాయి. సూరత్ నగరపాలక సంస్థ దాన్ని బాగుచేయించి మ్యూజియంగా మార్చింది.

ఇలాంటి కట్టడాన్ని బాగుచేసేటప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్న: ఏ కాలం నాటి కోటను నిలబెట్టాలి? సుల్తాన్ నాటి రూపం కోసం తర్వాతి గోడలన్నీ కూల్చేస్తే మూడు శతాబ్దాల చరిత్ర కూడా పోతుంది. 1964 నాటి వెనిస్ చార్టర్ ఇందుకు దారి చూపింది. అన్ని కాలాల విలువైన చేర్పులనూ గౌరవించాలి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో కలిసిపోవాలి, కానీ కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలి.

రెండో ప్రశ్న పదార్థానిది. పాత గోడలను సాధారణంగా డంగు సున్నంతో కట్టేవారు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. దాని సన్నని రంధ్రాల గుండా గోడలోని తేమ బయటికి ఆవిరైపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. నేల నుంచి పైకి పాకిన నీరు ఇటుకల్లోంచి, రాళ్లలోంచి బయటపడుతుంది. నీటిలోని లవణాలు వాటి లోపలే స్ఫటికాలుగా పేరుకుని పెచ్చులు ఊడగొడతాయి. ‘బలమైన’ మరమ్మతే గోడను బలహీనపరుస్తుంది. పైగా సున్నాన్ని తేలిగ్గా తొలగించవచ్చు కానీ, సిమెంటు ఊడదీస్తే దానితో పాటు పాత ఇటుక కూడా ఊడొస్తుంది.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోవడమూ ప్రమాదమే. 2006 ఆగస్టులో తపతి వరద సూరత్‌లో చాలా భాగాన్ని ముంచెత్తింది. సందర్శకులు తిరిగే చోట కప్పు కూలే పరిస్థితి ఉండకూడదు. అందుకే ముందు రోగ నిర్ధారణ జరగాలి. పగులుకు అడ్డంగా పల్చని గాజుపట్టీ అతికించి నెలల తరబడి గమనిస్తారు. గాజు చిట్లకపోతే గోడ కదలడం లేదన్నమాట, పగులు పూడిస్తే సరిపోతుంది. చిట్లితే పునాదిని పరిశీలించాలి, అవసరమైతే ఉక్కు ఊతం ఇవ్వాలి. అది కూడా రేపు ఇంతకన్నా మంచి పద్ధతి వస్తే, గోడకు హాని లేకుండా తీసేయగలిగేలా ఉండాలి.