దారి తప్పించిన టెలిఫోను

ప్రజాస్వామ్యంలో పౌరుని చేతిలో ఉన్న బలమైన ఆయుధం ఓటు. దానిని కాజేయడానికి కొందరు అనుసరించే మార్గాలు అందరికీ తెలిసినవే. బ్యాలెట్ పెట్టెలను ఎత్తుకుపోవడం, ఒకరి పేరుతో మరొకరు ఓటు వేయడం, డబ్బు పంచడం వంటివి కంటికి కనిపించే అక్రమాలు. అధికారులు, పోలీసులు, తోటి ఓటర్లు వీటిని చూడగలరు, అడ్డుకోగలరు. కంటికి కనిపించని అక్రమం మరొకటి ఉంది. అది బ్యాలెట్ పెట్టె జోలికి పోదు. ఓటరును బెదిరించదు. ఒక అబద్ధాన్ని మర్యాదగా అతని చెవిన వేసి, అతడంతట అతడే ఓటు పోగొట్టుకొనేటట్లు చేస్తుంది. అందుకు సాధనం టెలిఫోను.

టెలిఫోను ద్వారా ప్రచారం చేయడం తప్పు కాదు. ముందుగా రికార్డు చేసిన గొంతును కంప్యూటరు కొద్ది నిమిషాలలో వేలాది మందికి వినిపించగలదు. 2004 లోక్‌సభ ఎన్నికలలో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి గొంతు ఇలాగే దేశంలో ఎందరికో ఫోనులో వినిపించింది. మాట్లాడుతున్నది ఎవరో, కోరుతున్నది ఏమిటో వినేవారికి తెలిసినప్పుడు అది ప్రచారం. తన పేరు దాచి, వేరొకరి పేరు చెప్పుకొని, అబద్ధాన్ని నమ్మిస్తే అది మోసం. ఈ మోసం ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి కెనడా దేశంలో జరిగిన సంఘటన మంచి ఉదాహరణ.

2011 మే 2వ తేదీన కెనడాలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ఒంటారియో రాష్ట్రంలోని గ్వెల్ఫ్ నగరంలో ఆనాటి ఉదయం సుమారు 6,700 ఫోన్లు మోగాయి. ఇంగ్లీషులోను, ఫ్రెంచిలోను రికార్డు చేసిన గొంతు తాను ఎన్నికల సంస్థ అయిన ‘ఎలక్షన్స్ కెనడా’ తరఫున మాట్లాడుతున్నట్లు చెప్పింది. ఓటర్లు ఎక్కువ మంది వచ్చే అవకాశం ఉన్నందువల్ల వారి పోలింగు కేంద్రం మారిందని, నగరం నడిబొడ్డున ఉన్న ఒక అంగళ్ల సముదాయానికి వెళ్లాలని తెలిపింది. కలిగిన అసౌకర్యానికి క్షమాపణ కూడా చెప్పుకొంది.

అదంతా అబద్ధం. ఏ కేంద్రమూ మారలేదు. పోలింగు కేంద్రం మారిందని ఓటర్లకు ఫోను చేసే పద్ధతి ఆ సంస్థకు లేనే లేదు. అయినా వంద మందికి పైగా ఓటర్లు ఆ మాట నమ్మి అక్కడికి వెళ్లారు. తమ పేర్లు అక్కడి జాబితాలో లేవని తెలిసి కొందరు విసిగిపోయారు. మరికొందరు ఓటరు సమాచార కార్డులను కోపంతో చించివేశారు.

ఈ ఫోన్లు అందరికీ రాలేదు. అక్కడి పార్టీలు ఎన్నికలకు ముందే ఓటర్లకు ఫోను చేసి, ఎవరు ఏ పార్టీ వైపు ఉన్నారో తెలుసుకొని జాబితాలు తయారు చేసుకొంటాయి. ఒక పార్టీకి ఓటు వేయబోమని చెప్పిన వారికే గ్వెల్ఫ్‌లో అబద్ధపు ఫోన్లు వెళ్లాయి. మోసగాడు తన ఆనవాళ్లు దొరకకుండా జాగ్రత్త పడ్డాడు. ముందుగా డబ్బు చెల్లించి వాడే చౌక సెల్‌ఫోను కొన్నాడు. దానిని ‘పియెర్ పూటీన్’ అనే కల్పిత నామంతో నమోదు చేశాడు. పూటీన్ అన్నది అక్కడ బంగాళాదుంపలతో చేసే ఒక వంటకం పేరు!

2012లో పత్రికలు ఈ సంగతిని బయటపెట్టగానే దేశమంతటా అలజడి చెలరేగింది. ఇతర నియోజకవర్గాల నుంచి కూడా ఫిర్యాదులు వచ్చాయి. ఆరు నియోజకవర్గాల ఫలితాలను రద్దు చేయాలని కొందరు ఓటర్లు కోర్టుకు వెళ్లారు. మోసం జరిగిన మాట నిజమేనని 2013లో ఫెడరల్ కోర్టు చెప్పింది. మోసానికి వాడిన సమాచారం బహుశా కన్సర్వేటివ్ పార్టీ జాబితా నుంచే వచ్చి ఉంటుందని అభిప్రాయపడింది. అయితే ఆ పార్టీగాని, దాని అభ్యర్థులుగాని ఈ పని చేయించినట్లు తేల్చలేదు. ఫలితాలను రద్దు చేయలేదు. గ్వెల్ఫ్ ఉదంతంలో ఆ పార్టీ ప్రచార బృందానికి చెందిన ఒక యువకుడికి 2014లో తొమ్మిది నెలల జైలు శిక్ష పడింది. అతడు ఒంటరిగా ఈ పని చేసి ఉండడని న్యాయమూర్తి అభిప్రాయపడినా, మరెవరికీ శిక్ష పడలేదు. అదే సంవత్సరం కెనడా కొత్త చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం రికార్డు చేసిన గొంతుతో ఓటర్లకు ఫోన్లు చేయించేవారు తమ పేరు నమోదు చేసుకోవాలి, చెప్పించిన మాటల ప్రతిని భద్రపరచాలి.

గ్వెల్ఫ్‌లో వినిపించినది పేరు తెలియని గొంతు. ఆ తరువాత సాంకేతిక విజ్ఞానం పెరిగి, తెలిసిన గొంతునే కృత్రిమంగా పుట్టించడం సాధ్యమైంది. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రాథమిక ఎన్నికకు రెండు రోజుల ముందు వేలాది ఓటర్లకు ఫోన్లు వచ్చాయి. అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ గొంతు వినిపించింది. మీ ఓటును నవంబరు ఎన్నికల కోసం దాచుకోండి అన్నది దాని సారాంశం. ఒక ఎన్నికలో ఓటు వేస్తే మరొక ఎన్నికలో ఓటు పోతుందా? పోదు. ఆ గొంతు కంప్యూటరు పుట్టించినది. ఆ ఫోన్లు చేయించిన వ్యక్తికి అక్కడి సమాచార ప్రసారాల సంస్థ 60 లక్షల డాలర్ల జరిమానా విధించింది. కాని 2025లో న్యూ హాంప్‌షైర్ కోర్టులో జరిగిన క్రిమినల్ విచారణలో జ్యూరీ అతనిని నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఈ రెండు సంఘటనలలోను మోసానికి బలం ఇచ్చినవి రెండు. మొదటిది నమ్మకం. ఎన్నికల సంస్థ పేరు, దేశాధ్యక్షుని గొంతు వింటే సామాన్యుడు సందేహించడు. తన భాషలో మాట్లాడితే మరింత నమ్ముతాడు. పొరుగు రాష్ట్రంలో ఉండే తెలుగువారికి తెలుగులో ఫోను వస్తే మనవాళ్లే కదా అనుకోవడం సహజం. భాష మనదైనంత మాత్రాన మాట నిజం కానక్కరలేదు. రెండవది సమయం. పోలింగు నాడో, ముందు రోజులలోనో అబద్ధం చెబితే దానిని ఖండించడానికి వ్యవధి ఉండదు. దోషికి శిక్ష పడినా పోయిన ఓటు తిరిగి రాదు.

మన దేశంలో ఓటు హక్కును స్వేచ్ఛగా వినియోగించుకోనీయకుండా అడ్డుపడటం భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ ప్రకారం నేరం. పోలింగు కేంద్రం వివరాలు ఓటరు సమాచార చీటీలో ఉంటాయి. సందేహం కలిగితే బూత్ స్థాయి అధికారిని అడగవచ్చు. ఎన్నికల సంఘం వారి 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. మనకు వచ్చిన ఫోనుకూ, మనం చేసిన ఫోనుకూ ఎంతో తేడా ఉంది. వచ్చిన ఫోనులో అవతల ఎవరున్నారో మనకు తెలియదు. తెలిసిన నంబరుకు మనమే చేసినప్పుడు జవాబు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుస్తుంది.

పిల్లలకు ఇంకా ఓటు హక్కు రాలేదు. కాని ఇంట్లో తాతయ్యకు, నాయనమ్మకు వచ్చిన ఫోనును ముందుగా అందుకొనేది తరచుగా వారే. పోలింగు కేంద్రం మారిందనో, తేదీ మారిందనో ఎవరైనా చెబితే, ఆ మాటను పెద్దలకు అందించే ముందు చీటీ తీసి చూడాలి. ఆ కొద్దిపాటి జాగ్రత్త ఒక ఓటును కాపాడుతుంది.