బెణికిన కాలికి సూదిమందు

"సూది వేయించుకుంటే ఆదివారం ఆడవచ్చునా స్వామీ?" అని కుంటుతూ వచ్చిన హాకీ కుర్రవాడు అడిగాడు. మా అనంతపురంలో వానలకు కరువేగాని ఆటలకు లేదు, ఆర్.డి.టి. క్రీడాగ్రామమే అందుకు సాక్షి.

స్టెరాయిడ్ సూదిమందు నొప్పిని అణచగలదు, తెగిన స్నాయువును అతుకజాలదు; పైగా బలహీనపరచవచ్చు. నొప్పి తెలియక పరుగెత్తితే అదే కాలు మరల బెణుకుతుంది. చీలమండను, అనగా గుల్ఫాన్ని, సుశ్రుతులవారు రుజాకర మర్మమన్నారు. దెబ్బతింటే కుంటితనమూ రావచ్చునన్నారు.

నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. ఇతడు నడవగలిగాడు. మొదటి రెండు దినాలు చల్లని తడిగుడ్డ, కట్టు, కాలు ఎత్తుగా ఉంచటం. మర్దనా, కాపడం కూడవు. (తొందరపడి మర్దించేవారిలో మా వైద్యులూ ఉన్నారు.) పిమ్మట ఉడికించిన చింతాకు గోరువెచ్చగా కట్టించి, ఒంటికాలిపై నిలబడే అభ్యాసం చేయించాను.

ఆదివారం ఆట పోయిందని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నాలుగవ వారంలో ఆ కాలిమీదే నొప్పి లేకుండా గెంతి చూపాడు. ఆడమన్నాను.